పటం మీది పిచ్చుకలు

రాజలింగు నిచ్చెన కాలు పట్టుకుని వదలలేదు. అవతలి వైపు నుంచి మరదలు లింగవ్వ గుంజుతోంది. ఆమె భుజం మీద తడిగుడ్డ ఉంది.

"ఇడువు బావా. పెత్రమాస పూట మా అక్కను గిట్ల పెంటల ఉంచుతరా? మొఖం తుడిసి ఇంత బొట్టు పెట్టనియ్యి."

పైన, దూలానికి ఆనుకుని, ముందుకు వంగి వేలాడుతోంది ఏడాది కింద పోయిన అతని భార్య హన్మవ్వ పటం. దాని వెనుక గుప్పెళ్లకొద్దీ గడ్డి, చింపిరి దారాలు, ఈకలు. పిచ్చుకల రెట్ట అద్దం నిండా చారలు చారలుగా కారి, ఎండి, దాని మీద మళ్లీ కారి గట్టిపడింది. చట్రం అంచున సగం తిన్న పురుగొకటి అంటుకుని ఉంటే చీమలు బారు కట్టాయి. వాన పడితే ఆ మూల నుంచి వచ్చే కంపుకు రాజలింగు కంచం పట్టుకుని అరుగు మీదికి పోయేవాడు. చూసినప్పుడల్లా వాంతి వచ్చేది. అయినా ఏడాదిలో ఒక్కనాడూ కట్టె పెట్టి ఆ గూడు పొడవలేదు. ఊళ్లో కొందరు అతనికి దయ పుట్టిందన్నారు. కొందరు బద్ధకమన్నారు.

అక్క పోయినప్పుడు లింగవ్వ పచ్చి బాలింత. ఇందల్వాయి నుంచి కదల్లేకపోయింది. కడసారి చూపు దక్కలేదు. పెద్దలకు బియ్యమిచ్చే ఈ అమావాస్యకు, పటంలోనైనా అక్క ముఖం చూసుకుందామని బస్సెక్కి బోధన్‌లో దిగి, చెరుకు బండి పట్టుకుని వచ్చింది.

"గింత పెద్ద గోడ ఉండంగ గూడు ముందటనే తగిలిస్తివేంది?" అని అడిగింది.

"మేకు గక్కడనే ఉన్నది."

"జాతరల ఫోటో దిగుతనని అక్క ఎంత బతిమిలాడింది. నీ మొఖానికి ఫోటోనా అంటివి నలుగుర్ల. గా మాటకు మా అవ్వ నీ గడప తొక్కద్దని ఒట్టు పెట్టింది." లింగవ్వ గొంతు తగ్గించింది. "దవఖానకు తోల్కపోయినప్పుడన్న ఫోటో దింపిచ్చినవని కబురు చేస్తివి సూడు, గప్పుడు మెత్తబడ్డది ముసల్ది. గదొక్కటి చేసినవ్ గనుకనే నేనీడ నిలబడ్డ."

రాజలింగు నిచ్చెన మీద పట్టు బిగించాడు.

ఇదంతా గుమ్మం దగ్గర నీళ్ల గాబు అంచున కూర్చుని వింటున్నాడు మార్కండేయ. నిజామాబాద్‌లో ఫోటో స్టూడియో అతనిది. చక్కెర ఫ్యాక్టరీలో గ్రూపు ఫోటో తీయడానికి వచ్చి, ఈ చుట్టుపక్కల పురుగూ పుట్రా ఫోటోలు తీయడం మరిగాడు. మనుషుల ముఖాలు దించి బతికేవాడు పెంటపురుగు ముందు బోర్లా పడుకుని దాని ముఖం దించడం రాజలింగు కళ్లారా చూసి ఉమ్మేశాడు. దూలానికి మట్టిగూడు కట్టిన కుమ్మరిపురుగును, చూరులో సాలీడును, దాని పొట్ట కింది గుడ్ల సంచిని, అన్నిటినీ పేరు పెట్టి పిలుస్తాడు, చుట్టాల్లా. గొంతు కింద నలుపున్నది మగ పిచ్చుకని, లేనిది ఆడదని రాజలింగుకు చెప్పబోతే, తెలుసుకుని ఏం చేయాలన్నాడు.

లింగవ్వ అతని వైపు తిరిగింది. "అన్నా, జర గా పటం దించి మా అక్క ఫోటోకు ఇంకోటి చేసియ్యి. మా అవ్వ సూసుకుంటది."

"గదెంత పని అక్కా. అద్దం తుడిస్తే అయిపాయె. ముందుగాల పిట్ట ఫోటో దించనియ్యి, పొద్దటి సంది దానికోసమే కూసున్న."

రాజలింగు చేతుల్లోంచి నిచ్చెన జారిపోయింది. లింగవ్వ దాన్ని సరిగ్గా ఆనించింది. మార్కండేయ ఎక్కాడు. ఆడపిచ్చుక నోట పురుగుతో వచ్చి చట్రం మీద వాలింది. కెమెరా అద్దానికి ఆనేంత దగ్గరగా పెట్టాడు. ఫ్లాష్ బల్బు భగ్గుమంది. మూలమూలా తెల్లగా వెలిగి ఆరింది.

పిట్ట ఎగిరిపోయింది. మార్కండేయ మాత్రం దిగలేదు. పటం వైపు చూశాడు. తర్వాత కింద నిలబడ్డ రాజలింగును చూశాడు. రాజలింగు నేల చూస్తున్నాడు.

"పిల్లలున్నయక్కా గూట్ల," అన్నాడు మార్కండేయ చివరికి. "రెక్కలు రాలె. గుడ్డ పెడితే పటం ఊగుతది, కింద పడి సస్తయి. ఇప్పుడు ముట్టద్దు."

లింగవ్వ తలెత్తి ఆ కీచుకీచులు విన్నది. భుజం మీది గుడ్డ తీసి కళ్లు ఒత్తుకుంది.

"అక్క కూడ పిట్టల జోలికి పోనిచ్చేది గాదు. నువ్వు మారినవ్ బావా. అవ్వకు చెప్త."

గోడకే పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఆ కంపు కిందే విస్తరాకు పరిచి, బియ్యం, పప్పు, బెల్లం పెట్టి దండం పెట్టుకుంది. పిల్లలు ఎగిరిపోయాక ఫోటో చేసి పంపమని మార్కండేయకు మరీ మరీ చెప్పి బండెక్కింది.

మార్కండేయ సంచి సర్దుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆగాడు. పెంటపురుగును సైతం ముద్దుగా చూసే ఆ కళ్లలో మొదటిసారి రోత కనిపించింది.

"ఇవి ఎగిరిపోయినా మల్ల గుడ్లు పెడ్తయి తియ్యి," అన్నాడు. "నీకేం భయం లేదు."

అతను వెళ్లాక రాజలింగు ముక్కు మూసుకుని, విస్తరిలోంచి గుప్పెడు బియ్యం తీసి పటం కింద చల్లాడు. పిచ్చుక దిగింది, ఏరుకుంది, పైకెగిరి చట్రం మీద కూర్చుని తోక ఎత్తింది. అద్దం మీద రెట్ట పడని అరచేయంత జాగా ఇంకా తెల్లగా మిగిలి ఉంది. అది కూడా మూసుకుపోయేదాకా తలెత్తి చూస్తూ నిలబడ్డాడు.

ఆ పటంలో ఫోటో ఎన్నడూ లేదు.