ఉంగరం మింగిన ఎస్కిల్

“ప్లాస్మిడ్ అంటే ఏంట్రా?” అంది బోదిల్, రొట్టె కోసే కత్తి ఊపుతూ.

“గుండ్రంగా ఉంటుందక్కా,” అన్నాడు ఎస్కిల్.

“పళ్లెం కూడా గుండ్రంగానే ఉంటుంది. బ్యాక్టీరియాలో ఉండే డీఎన్ఏ ఉంగరం అని చెప్పి చావు!”

రేపు పొద్దున పదింటికి బయోటెక్నాలజీ మౌఖిక పరీక్ష. ఎస్కిల్‌కి ఒకటే భయం. పరీక్ష గదిలో ఆ ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల దగ్గర నోరెళ్లబెట్టి నవ్వులపాలు కావడం. బోదిల్ తమ ఊరు కాలుండ్‌బోర్గ్‌లోనే ఎంజైముల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది కాబట్టి, అమ్మ కబురుపెట్టి మరీ పిలిపించింది.

“అసలు ఫారంలో బయోటెక్నాలజీ ఎదురుగా టిక్కు పెట్టమని నీకెవరు చెప్పారు?” అంది అక్క.

“కెమిస్ట్రీ గడి అనుకున్నా. ఒక వరస కిందికి పడింది.”

“పొరపాటయిందని అప్పుడే ఒక్క ముక్క రాసి పడేయకపోయావా?”

“రాస్తే నవ్వరూ?”

“ఇప్పుడు ఏడుస్తారు,” అంది పొయ్యి దగ్గర్నుంచి అమ్మ. “అచ్చం వాళ్ల నాన్నే. తప్పు ఒప్పుకోమంటే ప్రాణం మీదికొస్తుంది.”

బోదిల్ బల్ల మీదున్న బాదం కేకుని దగ్గరికి లాక్కుంది. వడలా మధ్యలో చిల్లున్న కేకు అది. కసుక్కున ఒకచోట కోసింది.

“అయ్యో, ఆదివారం చుట్టాలొస్తారే!” అంది అమ్మ.

“వీడి చదువు కంటే చుట్టాలు ఎక్కువా? ఒరేయ్, ఇది నీ ప్లాస్మిడ్. ఇప్పుడు తెగింది. ఏం చేద్దాం?”

“మనక్కావలసిన జన్యువుని మధ్యలో పెడదాం.”

“శభాష్!” అని ఊరవేసిన చేపముక్క ఒకటి తీసింది. “ఇదే జన్యువు. దీన్ని దేంతో కోయాలి?”

“వేరే కత్తితో.”

అక్క వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. “రెంటినీ ఒకే ఎంజైముతో కోయాలి. లేకపోతే కొసలు కలవవు, అతుక్కోవు. ఏంటి?”

“అతుక్కోవు,” అన్నాడు ఎస్కిల్, తల తడుముకుంటూ.

“అతికించేది?”

“లై... లైగేజ్.”

బోదిల్ వెన్న రాసి చేపముక్కని కేకులో అతికించింది. “ఇప్పుడు నువ్వే బ్యాక్టీరియావి. మింగు.”

“అక్కా!”

“మింగరా. జన్మలో మర్చిపోవు.”

ఎస్కిల్ కళ్లు మూసుకుని, చేప ఉన్నచోట కొరికి మింగాడు. చేపా, బాదంపప్పూ, పంచదారా కలిసి గొంతులో కొట్టుకున్నాయి. పాపం, వాడి ముఖం చూస్తే అమ్మక్కూడా నవ్వాగలేదు. ఈలోగా అక్క గ్లాసులో ఘాటైన స్నాప్స్ పోసింది.

“ఇది యాంటీబయాటిక్. ఉంగరంలో దీనికి విరుగుడు జన్యువు కూడా ఉంటుంది కాబట్టి, అది మింగినవాడు తట్టుకుంటాడు, మింగనివాడు చస్తాడు. బతికినవాళ్లనే మనం ఏరుకుంటాం.”

“రేపు పరీక్ష పెట్టుకుని తాగుడేంటే?” అంది అమ్మ.

“మందు కాదమ్మా, పాఠం.”

ఎస్కిల్ గుటకేసి దగ్గాడు. “బతికాను,” అన్నాడు నీళ్లు నిండిన కళ్లతో. “కానీ అక్కా, రేపు ఆ గదిలో కాళ్లు వణికితే?”

“వణికేవాళ్లు అక్కడ చాలామందే ఉంటార్లే. నిన్నెవరు చూస్తారు?”

మర్నాడు తెల్లచొక్కా వేసుకుని రైలెక్కాడు. స్కూలు మెట్ల నిండా జనం. పరీక్ష ముగించి వచ్చేవాళ్లని అభినందించడానికి చేతుల్లో చిన్న జెండాలు, పూలు. ఎవరి పిల్లల కోసం వాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. ఎస్కిల్ ఎవరి కళ్లలోకీ చూడకుండా లోపలికి నడిచాడు. దారంతా “కోయి, పెట్టు, అతికించు” అని జపం చేస్తూనే ఉన్నాడు.

ఆకుపచ్చ బల్ల మీద ప్రశ్నల చీటీలు బోర్లించి ఉన్నాయి. మొదటి చీటీలోనే జీన్ క్లోనింగ్ వచ్చింది. ఎస్కిల్ తన కాగితం మీద గబగబా ఒక ఉంగరం గీశాడు. తయారీకిచ్చిన అరగంట అరక్షణంలా గడిచింది.

“ముందు ఏం చేస్తాం?” అంది టీచరు రిగ్మోర్.

“ప్లాస్మిడ్‌నీ, జన్యువునీ ఒకే ఎంజైముతో కోస్తాం.”

“వేర్వేరు వాటితో కోస్తే?”

“కొసలు కలవవు.”

“అతికించేది?”

“లైగేజ్.”

“బ్యాక్టీరియాలోకి చేరిందని ఎలా తెలుస్తుంది?”

“యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద పెంచుతాం. ప్లాస్మిడ్ చేరినవే బతుకుతాయి.”

రిగ్మోర్ తృప్తిగా తలూపి, బల్ల చివరికి తిరిగింది. “ఇంకేమైనా అడగాలా?”

“అక్కర్లేదు, నాకు బాగా అర్థమైంది,” అన్నాడు, జవాబులు చెప్పిన కుర్రాడికి మార్కులు వేయడానికొచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎస్కిల్.