పరదా బండి

"కాసిం, తాడు ఒక్క జానెడు బయటికి జరుపు బిడ్డా. నీ కాల్మొక్త."

బాన్సువాడ బజారు సడక్ వెడల్పు చేయడానికి భూమి కొలిచే సర్కారు అమీను తాడు పట్టించి సున్నపు గీత గీయిస్తున్నాడు. తాడు కొస బండి తోలే కాసిం చేతిలో ఉంది. ఉప్పు, ఉల్లిగడ్డలు అమ్ముకునే భూమవ్వ అరుగంతా గీతలో పోతోంది.

"అరుగు పోతే నేనేడ కూసోవాలె? ఇంట్ల తినేటోళ్లు ఆరుగురు. నీకేం పాపం చేసిన?"

కాసిం తలెత్తలేదు. "పోయిన వానకాలం, అంగడి నాడు, నా బండి గీ అరుగుకే తట్టుకొని ఆగింది. రెండు బండలు తియ్యమని అడిగిన. యాదికున్నదా అవ్వా?"

"నిండు బేరాల మీద వస్తివి. కాలువ దిక్కు తిరిగి పొమ్మన్న."

"తిరిగే పోయిన. పరదా లోపల నా పెండ్లాం నొప్పులు పడుతుండె. దవాఖాన చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు."

భూమవ్వ చేతిలోని తక్కెడ కింద పెట్టింది. "పరదా జూసి చుట్టాలింటికి పోతున్నరనుకున్న. ఒక్క మాట చెప్పకపోతివి."

"ఇంటి ఆడమనిషి నొప్పులు నడిబజార్ల ఎట్ల చెప్తనవ్వా?"

తాడు బిగువుగా పట్టమని అమీను కసిరాడు.

భూమవ్వ అరుగు దిగింది. కాసిం చేతిలోంచి తాడు తీసుకుని, తన గుమ్మం వైపు ఇంకో జానెడు లోపలికి జరిపి పట్టుకుంది.

"ఈడ గియ్యి అయ్యా. బండి ఆగకుండ పోవాలె."