ఎండెక్కాక పెట్టిన బడి

కాలవ గట్టు మీది ఈతచెట్టులో గిజిగాడు మాస్టారు పిల్లలకు గూడు అల్లడం నేర్పేవారు. ఆ చెట్టు పక్కనే వరిచేలు. గట్టు పిల్లలు కడుపునిండా తిని, తెల్లారేసరికి కొమ్మ మీద వరసగా కూర్చునేవాళ్లు. మంచుకు తడిసిన గడ్డి వాళ్ల ముక్కుల్లో చెప్పినట్టు వంగేది.

దూరాన ఉన్న తుమ్మదిబ్బ పిల్లలు మాత్రం ఎండెక్కాక వచ్చేవాళ్లు. గింజల కోసం పోయిన అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా చంటిపిల్లల్ని చూసుకోవాలి మరి. వాళ్లకు మాస్టారు విడిగా రెండో తరగతి పెట్టారు. అప్పటికి గడ్డి ఎండి, ముడి వేయబోతే విరిగేది. వీళ్ల ముక్కులకు అల్లిక రాదనుకుని, ఆయన వాళ్లకు గడ్డి ఏరడం ఒక్కటే నేర్పారు.

ఒకరోజు తుమ్మదిబ్బ పిల్ల సుక్కి ఒక పోచ తెచ్చింది.

"మాస్టారూ, ఒక్క ముడి వేసి చూపించండి. చూసి నేర్చుకుంటాను."

మాస్టారు ముడి వేయబోయారు. పోచ విరిగింది. ఇంకోటి తీసుకున్నారు. అదీ విరిగింది.

"మీకూ రాదా మాస్టారూ?" అంది సుక్కి జాలిగా.

ఆయన ఆ ముక్కల్ని ముక్కుతో నొక్కి చూశారు; ఎండి పెళుసెక్కి ఉన్నాయి.

"రేపు నేనే మీ దిబ్బకు వస్తానమ్మా. తెల్లారగానే గడ్డి కోసి నీడన పెట్టండి."

మర్నాడు గట్టు పిల్లలకు పాత ముడులు వేసుకోమని చెప్పి బయల్దేరారు. అంత దూరమని ఆయనకు తెలీదు. రెక్కలు నొప్పిపుట్టి, ఆగి ఆగి, బాగా ఎండెక్కాక చేరారు.

సుక్కి చంటిపిల్లల్ని జరిపి చోటిచ్చింది. ఎండ తగలకుండా వాళ్ల పొట్టల కింద దాచిన గడ్డి ఇంకా తడిగానే ఉంది.

ఆలస్యమైందని ఎవరూ అనలేదు.