గేదెకు చెప్పని హెచ్చరిక

పాలు పితుకుతుండగా గేదె తన్నింది. సుగుణమ్మ రొంటిన దోపుకున్న ఫోన్ కుడితి తొట్టిలో పడి ఆగిపోయింది. ఫోన్ చూపించనిదే పాల కేంద్రంలో పాలు పోయించుకోరు. కోడలు తన ఫోన్‌లో ఫోన్ బీమా కంపెనీకి కలిపి అత్తకిచ్చింది.

"ప్రమాదమైతేనే పరిహారమండీ," అంది అవతలి యంత్రం మర్యాదగా. "గేదె తన్నబోతోందని మీ ఫోన్ ముందే హెచ్చరించింది. ముందే తెలిసింది ప్రమాదం కాదు."

"నాకు చెబితే ఏం లాభం? తన్నేది నేనా? దానికి చెప్పాలి గానీ!" అని కసిరింది సుగుణమ్మ.

యంత్రం సబబేనంది. మర్నాడు ఆమెకు కొత్త ఫోన్, గేదె మెడకో చిన్న ఫోన్ వచ్చాయి.

సాయంత్రం పాలకు కూర్చోగానే, గేదె తన్నబోతోందని రెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఆ మోతకు గేదె బెదిరి తన్నింది. పాల తపేలా, కొత్త ఫోన్ రెండూ కుడితిలో పడ్డాయి. కోడలు మళ్లీ బీమా కంపెనీకి ఫోన్ చేసింది.

"ఈసారి దానికీ ముందే చెప్పాం కదండీ," అంది యంత్రం.