ఆఖరి పది కిలోమీటర్లు

"అవి వద్దమ్మా. సోల్ మరీ ఎత్తు."

లెక్కల టీచరు విసురుగా తలెత్తింది. అన్నది సేల్స్‌మన్ కాదు, బూట్ల కొట్లో మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన.

ఆమెకి ఒళ్ళు మండింది. కొట్లోకి వచ్చి గంటన్నరయింది. ఎనిమిది జతలు తొడుక్కుని విప్పింది. ఒకటి వేళ్ళ దగ్గర బిగుతు, ఒకటి మడమ దగ్గర వదులు. అన్నివిధాలా కుదిరిన ఒక్కదానిలో ఆమె సైజు లేదు. ఇప్పుడు దొరక్క దొరక్క ఒక జత దొరికితే, మధ్యలో ఈయన గొడవొకటి.

కొట్లో అరలకి అంకెలు అతికించి ఉన్నాయి. పది, ఇరవై, యాభై. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాలో ఆ అరలోంచి తీసుకోవడమే. ఆ కొట్లో ఆమెకి నచ్చింది అదొక్కటే.

ఆదివారం కొండ పరుగు. యాభై కిలోమీటర్లు. కాబట్టి యాభై అర. ఇందులో తలబద్దలు కొట్టుకోవాల్సిందేముంది?

"దూరం చూసి కొనకూడదమ్మా" అన్నాడు పెద్దాయన. "ఆ కొండ మీద నలభై దాకా మెత్తటి మట్టి, ఏ బూటైనా పోతుంది. ఆఖరి పదీ దిగుడు. అంతా తడి బండలు. ఇంత లావు సోల్ వేసుకుంటే కిందేముందో కాలికి తెలీదు."

"మేడమ్, ఇవి పరుపు మీద నడిచినట్టుంటాయి" అన్నాడు సేల్స్‌మన్.

"పరుపు మీద పడుకోవాలి నాయనా, పరిగెత్తకూడదు." పెద్దాయన కింది అర చూపించాడు. "అక్కడ, పది అని రాసిన దాంట్లో, పల్చటి సోల్‌వి ఉన్నాయి చూడండమ్మా. గోరుతో నొక్కితే రబ్బరు సొట్ట పడుతుంది. అవి బండని పట్టుకుంటాయి. సగం సైజు పెద్దవి తీసుకోండి."

"పది కిలోమీటర్ల బూట్లతో యాభై పరిగెత్తమంటారా? కాళ్ళు పుండవవూ?"

"అవుతాయి. పుండయితే కుంటుకుంటూనైనా చేరతారు. చీలమండ బెణికితే చేరరు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

నిరుడు ఆమె చేరలేదు. నలభై రెండో కిలోమీటరు దగ్గర పడిపోయింది. వానలో, సగం స్పృహలో ఉండగా, ఎవరో కిందికి దింపారు. ఆ పరుగుకి ఒక నియమం ఉంది. రెండుసార్లు మధ్యలో ఆగిపోతే మూడోసారి పేరు రాసుకోరు. అంటే ఇదే ఆమె ఆఖరి అవకాశం. వాళ్ళాయన అప్పుడే "ఈసారి ఎన్నింటికి వచ్చి తీసుకెళ్ళమంటావ్?" అని నవ్వుతున్నాడు. ఇక స్టాఫ్‌రూము సంగతి చెప్పనక్కర్లేదు.

"కుడి బొటనవేలి గోరు మళ్ళీ వచ్చిందామ్మా?" అని అడిగాడు పెద్దాయన, మెల్లగా.

ఆమె సాక్సు తొడిగిన కాలు గబుక్కున వెనక్కి లాక్కుంది.

"పరిగెత్తేవాళ్ళందరికీ ఊడతాయి గోళ్ళు. అదేమన్నా జోస్యమా? అసలు మీరెవరండీ? ఈ కొట్టు మీదా?"

"కాదమ్మా."

"పోనీ మీరు పరిగెత్తుతారా?"

ఆయన తన కాలివంక చూసుకున్నాడు. "లేదమ్మా."

"మరి మీకెందుకండీ?" సేల్స్‌మన్ వైపు తిరిగింది. "ఆయన్ని బయటికి పంపిస్తారా, నన్నే వెళ్ళిపోమంటారా?"

సేల్స్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, కాసేపు అలా బయట కూర్చుందురూ."

ఆయన కౌంటరు పట్టుకుని లేచాడు. కుడి మోకాలు వంగలేదు. స్టూలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఆ కిర్రుమనే చప్పుడుకి కూడా ఆమెకి చిరాకేసింది.

గుమ్మం దగ్గర ఆగాడు. "దిగుడు మొదలయ్యే ముందు లేసులైనా ఇంకోసారి బిగించుకోండమ్మా."

ఆమె యాభై అరలోవే కొనుక్కుంది.

ఆదివారం నలభై కిలోమీటర్లూ పరుపు మీదే నడిచినట్టుంది. ఆ పెద్దాయన కనిపిస్తే రెండు మాటలు అడిగెయ్యాలనుకుంది.

ఆ తర్వాత దిగుడు మొదలైంది. నిరుడు పడిన బండే, తడిగా మెరుస్తూ ఎదురైంది. జాగ్రత్తగానే అడుగు వేసింది. లావు సోల్ ఓ పక్కకి ఒరిగింది, దాంతోపాటే చీలమండా.

లేవబోయి కూలబడింది. బూటు విప్పి పొదల్లోకి విసిరేసింది. బూటు మీద కోపం, అరల మీది అంకెల మీద కోపం, అన్నిటికన్నా తన మీద తనకే కోపం. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతుంటే చిన్నపిల్లలా ఏడ్చింది.

అందరూ వెళ్ళాక ఇద్దరు కార్యకర్తలు స్ట్రెచర్ మోసుకొచ్చారు.

"నిరుడు ఇది లేదుగా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అవసరం పడేది కాదండీ. అందరికన్నా వెనక ఒకాయన నడిచేవారు, పదకొండేళ్ళ నుంచీ. ఎవరు పడినా వీపున వేసుకుని దింపేసేవారు."

"ఈసారి రాలేదా?"

"ఎక్కడొస్తారండీ! నిరుడు ఇక్కడ్నుంచే ఎవరో ఒకావిణ్ణి వానలో మూడు కిలోమీటర్లు మోశారు. ఆవిణ్ణి పడనివ్వలేదు గానీ, ఆయన మోకాలు పోయింది."

రెండో అతను పట్టీ కడుతూ అందుకున్నాడు. "బూటు విప్పితే ఆవిడ కుడి బొటనవేలి గోరు సాక్సుతో పాటే ఊడొచ్చిందట. ఇప్పటికీ తలుచుకుని బాధపడతారు."

ఆమె తన కుడి బొటనవేలి వంక చూసుకుంది. "ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఏముందండీ, ఇక ఎవర్నీ మొయ్యలేను, పడకుండానైనా చూస్తానని రోజూ వెళ్ళి బూట్ల కొట్లో స్టూలు మీద కూర్చుంటున్నారు."