నిమజ్జనం పడవ

"మీరే! దీన్ని రోడ్డున పడేసింది మీరే!"

పికప్ దిగకముందే కిటికీలోంచి అరిచాడు జయదేవ్. రిచ్‌మండ్ హిల్‌లో తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహన్ గారింట్లో కమిటీ మీటింగు అప్పుడే మొదలైంది. ఆ కేకకి లోపలున్నవాళ్ళంతా కిటికీ దగ్గర మూగారు. డ్రైవ్‌వేలో పికప్, దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద నీలం టార్పాలిన్ కప్పిన పడవ. ఏటా వినాయక నిమజ్జనానికి వాడే పడవ.

రామ్మోహన్ గారు జాకెట్టు తగిలించుకుంటూ బయటికొచ్చారు. ట్రెజరర్ యోగానంద్ టీ కప్పుతో వెనకే వచ్చాడు.

"ఏంటయ్యా ఆ అరుపులు? పక్కింటాళ్ళు చూస్తున్నారు," అన్నారు రామ్మోహన్ గారు.

"చూడనీయండి. సెప్టెంబర్లో ఇదే పడవెక్కి ఫొటోలు దిగి, ఊరంతా చూడాలని ఆన్‌లైన్లో పెట్టుకున్నారుగా!"

"ఇది మీ వేర్‌హౌస్ యార్డులో ఉండాలి కదా?"

"నిన్నటిదాకా ఉంది. మంచు తోసే బండ్లకి అడ్డమని మా మేనేజరు ఇవాళే తీసెయ్యమన్నాడు. లేకపోతే తుక్కు కింద లాగించేస్తాట్ట. ఎన్నిసార్లు ఫోన్ చేశా మీకు! ఎత్తారా?"

"మీటింగులో పెట్టి ఆలోచిద్దామనుకున్నాం," అన్నాడు యోగానంద్.

"రాత్రికి మంచు పడుతుందండీ. మీరు తీర్మానం చేసేదాకా ఆగుతుందా అది?"

"ఓ వారం మీ ఇంటి దగ్గర పెట్టుకోరాదూ?"

"నాకెక్కడిది ఇల్లు? నలుగురం సర్దుకుని పడుకునే బేస్‌మెంటు. గుమ్మంలో ఐదో జత చెప్పులు కనబడితే చాలు, పైనుంచి ఓనరు దిగొస్తాడు. గరాజులూ డ్రైవ్‌వేలూ మీ దగ్గరున్నాయి."

నిజమే. కమిటీలో ప్రతి ఇంటికీ గరాజుంది. ఏ గరాజులోనూ చోటు మాత్రం లేదు. ఒకరికి పెళ్ళి మండపం స్తంభాలు అడ్డం, ఇంకొకరికి పాత సోఫాలు. వారం నుంచీ జయదేవ్ వింటున్న సమాధానాలివే.

యోగానంద్ పడవ చుట్టూ తిరిగి చూశాడు. "ఇదేంటి, ఈ మూల తాడు కట్టలేదు? మంచు దూరదూ?" అంటూ వంగాడు.

జయదేవ్ అతని చెయ్యి పట్టుకు లాగేశాడు. "ముట్టుకోకండి! గాలాడాలి. బిగించేస్తే లోపల చెమ్మ పడుతుంది."

"అబ్బో, పడవల సంగతి బాగానే నేర్చావే."

"నేర్చుకోవాల్సొచ్చింది."

"దీన్ని లాక్కుని హైవే మీదొచ్చావా?"

"లేదు. చిన్న రోడ్లు పట్టుకుని నత్తలా వచ్చా. వెనకాల అందరూ హారన్లే."

"అంత నెమ్మదెందుకు?"

"కుదుపు తగలకూడదు."

రామ్మోహన్ గారి భార్య మీనాక్షి గుమ్మంలోంచి పిలిచింది. "చలిలో ఏం మాటలు బాబూ? లోపలికి రా, టీ తాగుదువుగాని."

"ఫ్లాస్కులో పోసివ్వండి ఆంటీ. పట్టుకెళ్తా. ముందు గరాజు తెరిపించండి."

"అందులో స్టవ్వు పెట్టుకున్నాం కదా. చేపల పులుసు ఇంట్లో వండితే కోట్లకి వాసన పట్టేస్తుంది."

"చేపల పులుసుకి చోటుందన్నమాట. హీటరు కూడా పెట్టించారుగా?"

"అది కారు కోసమయ్యా," అన్నారు రామ్మోహన్ గారు.

"బాగుంది. కారుకి చలేస్తుంది పాపం. పోనీ, బేస్‌మెంటు ఖాళీయేగా?"

యోగానంద్ ఫక్కున నవ్వాడు. "పడవని మెట్లు దింపుతావా?"

"అది హోమ్ థియేటర్ చేయిస్తున్నాం," అన్నారు రామ్మోహన్ గారు. "అందుకేగా అందులో అద్దెకున్న వికాస్‌ని ఖాళీ చెయ్యమన్నది. స్క్రీను ఇంకా రాలేదనుకో. అన్నట్టు, వచ్చే ఏడు మట్టి వినాయకుణ్ణి ఎవరు చేస్తారో అదీ తేల్చాలి. ఇన్నేళ్ళూ అతనే చేసిపెట్టాడు."

"ఉద్యోగం పోయాక ఇండియా వెళ్ళిపోయాడట," అంది మీనాక్షి. "ఒక్క మాట చెప్పలేదు చూడు."

"ఎక్కడికెళ్తావని మీరడిగారా?"

యోగానంద్ మధ్యలో కల్పించుకున్నాడు.

"చూడు జయదేవ్, డ్రైవ్‌వేలో వదిలేస్తే సిటీ వాళ్ళు నోటీసిస్తారు. గరాజులో కుదరదు. తుక్కుకి పోతే పోనీ, వచ్చే ఏడు అద్దెకి తెచ్చుకుందాం. ప్రాణం లేని వస్తువుకి ఇంత రాద్ధాంతమా?"

జయదేవ్ మొహం ఎర్రబడింది.

"వస్తువా? అవసరం తీరాక మీకు అన్నీ వస్తువులే! దేవుడొస్తే సోఫాలు జరిపి హాలు మధ్యలో చోటిస్తారు. హారతులిస్తారు. ఆ దేవుడి పనంతా చేసిపెట్టినదాన్ని మంచులో వదిలేస్తారు. పైగా తీర్మానాలు! సిగ్గు లేదూ మీకు?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్కింటాయన పార పట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. రామ్మోహన్ గారికి కంగారు పుట్టింది.

"సరే, సరే. అరవకు. స్టవ్వు జరిపిస్తా. కారు బయట పెట్టుకుంటా. చాలా?"

"ఒక ప్లగ్ పాయింటు కూడా కావాలి."

"పడవకి కరెంటెందుకయ్యా?"

"కావాలి."

"ఇస్తా తండ్రీ, ఇస్తా."

రామ్మోహన్ గారు బటన్ నొక్కారు. గరాజు తలుపు మెల్లగా పైకి లేచింది. లోపలి వెచ్చదనం మొహాలకి తగిలింది. మీనాక్షి ఫ్లాస్కు తెచ్చి జయదేవ్ చేతిలో పెట్టింది.

"ఇంక బండెక్కి వెనక్కి పోనియ్యి," అన్నాడు యోగానంద్.

జయదేవ్ బండెక్కలేదు. ట్రైలరెక్కాడు. ముడి వెయ్యని ఆ మూల పట్టుకుని టార్పాలిన్ పైకెత్తాడు. లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి ఫ్లాస్కు అందుకుంది.

"పడవని తుక్కుకే పంపుకోండి," అన్నాడు.

"వికాస్‌ని ఇంట్లోకి తీసుకెళ్ళండి!"