కుదరని వెర్షన్

"మా తప్పేం లేదు మేడమ్. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళనడగండి."

తెరమీద చాట్‌లో వచ్చిన ఆ జవాబు చూసి సర్వరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి సర్వర్లన్నీ ఆవిడ చేతిమీదే నడుస్తాయి కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

ఒక్క సర్వర్‌ను పది కంప్యూటర్లుగా పనిచేయించే హైపర్‌వైజర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందనీ, అన్నిటితోనూ కుదురుతుందనీ ఇప్పుడు చాట్‌లో జవాబిచ్చిన ఆ కంపెనీయే వెంటపడితే నిన్ననే వేసింది ఆవిడ. అంతే, ఆ పదింటినీ నడిపించాల్సిన క్లౌడ్ సాఫ్ట్‌వేర్, ఈ కొత్త వెర్షన్ ఎవరో నాకు తెలియదని మొండికేసింది. పాత స్కాన్‌లు దాచిన కంప్యూటర్ లేవడం లేదు.

రెండో కంపెనీ, అంటే ఆ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ చాట్ తెరిచింది సర్వరమ్మ.

"ఆ వెర్షన్‌తో మాది పనిచెయ్యదండీ. పాతదానికి వెళ్ళిపోండి."

మళ్ళీ మొదటివాళ్ళు: "వెనక్కి వెళ్ళడం కుదరదు మేడమ్. వాళ్ళెప్పుడూ ఇంతే, మామీదకి నెట్టేస్తారు."

మళ్ళీ రెండోవాళ్ళు: "వాళ్ళకి బాధ్యతంటూ ఉంటేగదండీ!"

అమ్మేటప్పుడు వంగి వంగి దణ్ణాలు పెట్టినవాళ్ళే ఇద్దరూ. ఇప్పుడు ఫోన్ నంబరైనా ఇవ్వరు. ఒకరు జవాబిస్తుంటే రెండోవారు ఉలకరు, పలకరు.

సర్జన్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమ్మా, పాప పాత స్కాన్ ఏదీ? తలలో గడ్డ ఎంత పెరిగిందో పోల్చి చూడకుండా కత్తి ఎలా పట్టుకోను? మధ్యాహ్నమే ఆపరేషన్. వాళ్ళమ్మ బయట ఒకటే ఏడుపు."

"నా ప్రాణం తోడేస్తున్నారు డాక్టరుగారూ! వీళ్ళూ వీళ్ళూ కొట్టుకుంటే మధ్యలో పసిపిల్ల ఏం పాపం చేసింది?"

కోపంతో రెండు చాట్‌లలోనూ ఒకే మాట కొట్టింది: గంటలో మీ మనిషి నా ముందుండాలి, లేదా కాంట్రాక్టు రద్దు.

అవతలివాళ్ళు వస్తేనే వస్తామని ఇద్దరూ బెట్టుచేశారు. చివరికి సరేనన్నారు.

"రానీ, ముఖాముఖీ తేలుస్తాను" అంటూ సర్వర్ గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. సర్జన్ కూడా చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి బ్యాగు తగిలించుకుని ఒకతను ఆయాసపడుతూ వచ్చి ఒక కుర్చీలో కూలబడ్డాడు.

"హైపర్‌వైజర్ కంపెనీ తరఫున వచ్చాను మేడమ్."

"కూర్చో నాయనా, కూర్చో. ఆ ఎదుటి కుర్చీలో పెద్దమనిషిని కూడా రానీ, ఇద్దరికీ కలిపి వాయిస్తాను."

అతను ఖాళీ కుర్చీ వంక చూసి, బ్యాగులోంచి క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కార్డు కూడా తీశాడు.

"ఆ కుర్చీ కూడా నాదేనండీ."